వెండిలో కొబ్బరి చిప్ప పొదిగిన లాకెట్టు ఎలా చేయాలి?

కోనసీమలో కొబ్బరి చిప్ప చివరికి పొయ్యిలోకో బొగ్గుల బట్టీకో పోతుంది. అదే చిప్పను నున్నగా తీర్చి వెండి గూట్లో కూర్చోబెడితే, ఆ ముదురు గోధుమ రంగు, సన్నటి చారలు ఏ రాయికీ తీసిపోవు. ఒక్కటి గుర్తుంచుకోండి: నిప్పు పని మొత్తం అయ్యాకే చిప్ప వెండిని తాకాలి.

ముందు చిప్ప. బాగా ముదిరిన కాయది, పగుళ్లు లేనిది ఏరండి. పీచు, లోపలి కొబ్బరి గీకేసి రెండు మూడు వారాలు నీడన ఆరనివ్వండి. ఎండలో పెడితే చిట్లుతుంది. ఇక్కడ తొందరపడకండి. నా మొదటి లాకెట్టుకి వానాకాలంలో నాలుగు రోజులే ఆరబెట్టాను. వేసవి వచ్చేసరికి చిప్ప కుంచించుకుపోయి గూట్లో గలగలలాడింది. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. వానల్లో ఇంకో వారం ఆగడమే మేలు.

రూపాయి బిళ్లంత గుండ్రంగా గీసి, సన్నపళ్ల రంపంతో కోయండి. ముక్కుకి మాస్కు తప్పనిసరి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అంచుకి ఆకురాయి పెట్టి, తర్వాత 120, 220, 400, 800 నంబరు గరుకు కాగితాలతో వరసగా రుద్దండి. చివర గుడ్డకి ఒక్క చుక్క కొబ్బరినూనె అద్ది తుడిస్తే చాలు, వార్నిష్ వద్దు.

ఇప్పుడు చిప్పను వెండిపని చేసే ఆచారి గారి దగ్గరికి తీసుకెళ్లండి. గూటి గోడకి 999 వెండి, అంటే దాదాపు స్వచ్ఛమైన వెండి, అడగండి. మెత్తన కాబట్టి చిప్ప మీదికి తేలిగ్గా వంగుతుంది. వెనక రేకుకీ, గొలుసు దూర్చే కొక్కేనికీ గట్టిదనం కావాలి, 925 వెండి (వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగి) సరిపోతుంది. గోడ చిప్ప అంచు కన్నా ఒక మిల్లీమీటరు ఎత్తుండాలి. చుట్టూ కాగితం మందం సందు వదలమనండి, వానల్లో చిప్ప కాస్త ఉబ్బుతుంది. వెనక రేకు మధ్యలో కన్నం కూడా పెట్టించండి: సరిచూసేటప్పుడు చిప్ప ఇరుక్కుంటే అగ్గిపుల్లతో వెనక నుంచి నెట్టేయొచ్చు.

వెండి టంకం కరగడానికి సుమారు 700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందులో సగం వేడికే చిప్ప మాడిపోతుంది. అందుకే కొక్కెంతో సహా అన్నీ అతికి, మెరుగు పెట్టి, కడిగి, పూర్తిగా ఆరాకే చిప్పను దించాలి. గోడను వంచేటప్పుడు ఒక పక్క నొక్కితే వెంటనే ఎదురు పక్క నొక్కాలి. వరసగా చుట్టుకొస్తే చిప్ప ఒక వైపుకి జరిగిపోతుంది.

బిల్లులో వెండి తూకం, మజూరీ విడిగా రాయించుకోండి. నల్లబడితే పొడిగుడ్డతో వెండిని మాత్రమే రుద్దండి. మామూలు వెండి నగల్లా కుంకుడు రసంలో నానబెట్టకండి.