ఇంట్లో తెలుగు, క్లాసులో ఒడియా: ఇంగ్లిష్ పరీక్షకు రివిజన్ ఎలా చేయాలి?

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, క్లాసులో ఒడియా వింటారు, పరీక్ష హాల్లో ఇంగ్లిష్ రాస్తారు. బజార్లో దొరికే గైడుకి ఈ గొడవ పట్టదు. కాబట్టి రివిజన్ గైడుతో మొదలుపెట్టకండి. మీ పాత జవాబు పత్రాలు, ట్యూషన్ నోటుబుక్కులు తీసి ఎర్ర సిరా ఎక్కడెక్కడ పడిందో చూడండి.

ముందు గ్రామర్. ఎర్ర గీత పడిన వాక్యాలన్నీ ఒక నోటుబుక్కులో ఎడమ పేజీ మీద, సరైనవి కుడి పేజీ మీద రాయండి. అవే నాలుగైదు తప్పులు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ‘మా నాన్నగారు ఊళ్ళో లేరు’ అనే అలవాటు కొద్దీ ‘మై ఫాదర్ ఆర్ నాట్ ఇన్ టౌన్’ అని రాసేస్తాం. నాన్నగారి మీద ఎంత గౌరవమున్నా ఇంగ్లిష్‌లో ‘ఈజ్’ అనే రాయాలి. ఒడియాలో ‘సె’ అంటే అతనూ కావచ్చు, ఆమే కావచ్చు. అందుకే వ్యాసం సగంలోకి వచ్చేసరికి అమ్మ కాస్తా ‘హీ’ అయిపోతుంది. ‘రెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను’ అనేది ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్’ అవుతుంది. రాయాల్సింది ‘ఐ హావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్’. ఎంతకాలంగా అంటే ‘ఫర్’, ఎప్పటినుంచి అంటే ‘సిన్స్’. వాయిస్, రిపోర్టెడ్ స్పీచ్ సూత్రం ప్రకారం నడిచేవే, రోజూ కాసిని బిట్లు చేస్తే వచ్చేస్తాయి. ఆర్టికల్స్‌కి మాత్రం దగ్గరి దారి లేదు. రాసిందంతా అయ్యాక ప్రతి నామవాచకం దగ్గరా ఆగి చూసుకోవాల్సిందే.

తర్వాత వ్యాసం. బట్టీ పట్టిన వ్యాసాన్ని దిద్దేవాళ్ళు మొదటి లైనులోనే పట్టేస్తారు. మీకు తెలిసిన ఉదాహరణలు ముందే పోగుచేసుకోండి. రైల్వేల మీద వస్తే మన లైనే ఉంది: పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లో నౌపడా నుంచి మొదలై 1931 నాటికి గుణుపూర్ చేరింది, ఇప్పుడది బ్రాడ్ గేజ్. ఎందుకు వేశారు, ఎవరికి పనికొచ్చింది, ఎలా మారింది అంటూ మూడు పేరాలు దానంతటవే వస్తాయి. మాతృభాష మీదైతే గిడుగు రామమూర్తిగారు ఉన్నారు. పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే అక్కడి ఆదివాసుల సవర భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం పోరాడారు. పరీక్షలో మొదటి ఐదు నిమిషాలు పెన్ను కదపకుండా పేరాకో మాట చొప్పున ప్లాన్ వేసుకోండి. ఇంట్లో గడియారం పెట్టుకుని రాసిన వ్యాసాన్ని మర్నాడు పైకి చదవండి. నాలుక తడబడిన వాక్యాన్ని రెండుగా విరగ్గొట్టండి.

చివరికి ఇంగ్లిష్ సాహిత్య యుగాలు. డిగ్రీలో ఇంగ్లిష్ ఆనర్స్ వాళ్ళకి అసలు టెన్షన్ ఇక్కడే. తేదీల్ని ఉత్తినే బట్టీ కొట్టకుండా వాటి వెనకున్న కథ పట్టుకోండి. 1642లో ఇంగ్లండ్‌లో ప్యూరిటన్ల (మత నియమాల్లో పట్టుదలగల ప్రొటెస్టంట్ల) పార్లమెంటు నాటకశాలలు మూయించింది. 1660లో రాజు రెండో చార్లెస్ తిరిగొచ్చాడు, నాటకశాలలు తెరుచుకున్నాయి, స్త్రీ పాత్రలు స్త్రీలే వేయడం మొదలైంది. ఇది తెలిస్తే రెస్టొరేషన్ కామెడీ (రాజు తిరిగొచ్చాక వచ్చిన హాస్య నాటకాలు) గురించి సగం జవాబు వచ్చినట్టే. మిగతావి ఒక చార్టు మీద రాసి గోడకి అంటించండి: 1066 నార్మన్ల విజయం, 1558 ఎలిజబెత్ గద్దెనెక్కిన ఏడు, 1798 లిరికల్ బాలడ్స్ కవితా సంపుటి, 1837 నుంచి 1901 దాకా విక్టోరియా, 1922 మోడర్నిజానికి గుర్తు.

ఈ యుగాల గీతలకి అటూ ఇటూ కాలు వేసిన రచయితల పేర్లు చార్టు కింద విడిగా రాసుకోండి. ప్రశ్నలు వాళ్ళ దగ్గరే తికమక పెడతాయి. మిల్టన్ పారడైజ్ లాస్ట్ వచ్చింది 1667లో, అంటే రాజు తిరిగొచ్చాక. కానీ దాని మనసంతా ప్యూరిటన్ కాలంలోనే ఉంది. హార్డీ నవలలు విక్టోరియా కాలానివి, కవితా సంపుటాలు ఎక్కువభాగం 20వ శతాబ్దంలో వచ్చాయి. ఇలాంటి పేరు అడిగితే ఒక్క యుగం పేరు రాసి వదిలేయకుండా, రెండో దానితో సంబంధమేమిటో కూడా ఒక వాక్యం రాయండి.