ప్రభుత్వ, ప్రైవేటు విద్యార్థుల వైఖరి సర్వేలో తేడా కనిపించకపోతే ఎక్కడ వెతకాలి?

సమస్య: మాధ్యమిక విద్యార్థులకు చదువు పట్ల ఉన్న వైఖరిని పోల్చడానికి రెండు రకాల పాఠశాలల్లోనూ అయిదు బిందువుల లికర్ట్ మాపనిని (ఒక్కో వాక్యంతో ఎంత ఏకీభవిస్తారో 1 నుంచి 5 వరకు గుర్తించే ప్రశ్నావళిని) ఇచ్చి, టి-పరీక్ష (రెండు గుంపుల సగటుల తేడా యాదృచ్ఛికమా కాదా అని చూసే గణాంక పరీక్ష) చేసి చూస్తే సగటులు దాదాపు ఒకటిగానే వస్తాయి. హాజరు పట్టీ, ఇంటిపని, మధ్యలో బడి మానేసినవారి సంఖ్య మాత్రం వేరే మాట చెబుతుంటాయి. సాధారణంగా పరిశోధకులు 0.05 స్థాయిలో సార్థక భేదం లేదని, అంటే కనిపించిన కాస్త తేడా యాదృచ్ఛికమే కావచ్చని రాసి అధ్యాయం ముగించేస్తారు.

అలా ముగించే ముందు ప్రతికూల ప్రవచనాల (మాపనిలో చదువుకు వ్యతిరేకంగా రాసిన వాక్యాల) స్కోరింగు చూడండి. ఎన్నిసార్లు చెప్పినా దాటవేసే పని ఇదే. ‘బడికి వెళ్ళడం కాలాన్ని వృథా చేసుకోవడమే’ అన్న వాక్యాన్ని పూర్తిగా అంగీకరించిన విద్యార్థికి 5 కాక 1 పడాలి. నమోదైన అంకెను 6 నుంచి తీసివేస్తే సరిపోతుంది. ఇది చేయనప్పుడు అనుకూల, ప్రతికూల స్కోర్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని రెండు సగటులూ 3 దగ్గరికి జారతాయి, క్రాన్‌బాక్ ఆల్ఫా (ప్రవచనాలు తమలో తాము ఎంత పొసగుతున్నాయో చెప్పే సంఖ్య) పడిపోతుంది, ఒక్కోసారి రుణసంఖ్యగా కూడా వస్తుంది. ఆల్ఫా రుణంగా వచ్చిన పట్టికను కూడా అలాగే పట్టుకొని తేడా లేదని తీర్మానించేవారున్నారు.

స్కోరింగు సరిగానే ఉండి, రెండు సగటులూ 4.5 చుట్టూ అతుక్కుపోయి ఉంటే అసలు దొంగ వేరే చోట ఉన్నట్టు. మాపనిలోని ప్రవచనాలు చదువు గురించి లోకం అనే మాటల్ని అడుగుతున్నాయే తప్ప, ఆ విద్యార్థి తన చదువు నుంచి ఏం ఆశిస్తున్నాడో అడగడం లేదు. ‘విద్య విజయానికి మార్గం’ అంటే ఏ బడిలోనైనా, రోజూ వచ్చేవాడూ వారానికి రెండు రోజులు వచ్చేవాడూ ఒకే గడిలో టిక్కు పెడతారు. సమాజశాస్త్రవేత్త రోజ్లిన్ మికెల్సన్ 1990లో అమెరికా ఉన్నత పాఠశాల విద్యార్థులపై ప్రచురించిన అధ్యయనం లోకం మాటను ఒప్పుకునే ఈ అమూర్త వైఖరినీ, సొంత కుటుంబ అనుభవం నుంచి పుట్టే మూర్త వైఖరినీ విడదీసి చూపింది. మార్కులతో పొత్తు కుదిరింది రెండోదానికే. ఈ లోపం ఇంతకాలం పట్టుబడకపోవడానికి కారణం ఉంది. అమూర్త ప్రవచనాలు తమలో తాము చక్కగా పొసగుతాయి కాబట్టి ఆల్ఫా 0.8 దాటవచ్చు, నిపుణులకు చూపిస్తే వారూ అభ్యంతరం చెప్పరు. విశ్వసనీయత (కొలత నిలకడ) ఉన్నంత మాత్రాన సప్రమాణత (కొలవాల్సినదాన్నే కొలవడం) ఉన్నట్టు కాదన్న పాఠం అందరికీ వచ్చినదే, ఇక్కడ మాత్రం గుర్తుకు రాదు.

పట్టుకోవడానికి మొత్తం స్కోరును పక్కనపెట్టి ఒక్కో ప్రవచనానికి సమాధానాలు ఎలా పంచుకున్నాయో చూడాలి. పదిమందిలో తొమ్మిదిమంది 4 లేదా 5 పెట్టిన ప్రవచనం ఎవరినీ ఎవరి నుంచీ వేరు చేయదు, దాన్ని తీసేయాలి. దాని స్థానంలో ‘మా ఇంట్లో చదువుకున్నవారికి ఆ చదువుకు తగిన పని దొరికింది’, ‘ఈ ఏడాది నేర్చుకున్నది నాకు ముందుముందు పనికొస్తుందనుకుంటున్నాను’ వంటి వాక్యాలు రాసి, రెండు రకాల పాఠశాలల్లోనూ ముందస్తు పరీక్ష జరిపి, అమూర్త, మూర్త భాగాలను విడివిడిగా స్కోరు చేయాలి. రెండింటినీ కలిపి ఒకే మొత్తం చేస్తే పడిన శ్రమంతా మళ్ళీ అందులోనే కలిసిపోతుంది. సమాచార సేకరణ అప్పటికే పూర్తయి, చేతిలో మూర్త ప్రవచనాలు లేకపోతే గణాంక పద్ధతి ఎంత మార్చినా ప్రయోజనం లేదు, మళ్ళీ బడులకు వెళ్ళాల్సిందే.

ఇందుకు భిన్నంగా ప్రైవేటు విద్యార్థులే బాగా ముందున్నట్టు వస్తే తల్లిదండ్రుల విద్య, ఆదాయం నియంత్రించారో లేదో, అంటే ఆ విషయాల్లో సమానమైన పిల్లలనే పోల్చారో లేదో చూడండి. అమెరికాలో సమాజశాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం 1982లో ఈ రెండు రకాల ఉన్నత పాఠశాలల సాధనను పోల్చినప్పుడు రేగిన వాదం ఎక్కువగా ఎలాంటి కుటుంబాల పిల్లలు ప్రైవేటు బడిలో చేరతారన్న ఈ ఎంపిక చుట్టూనే తిరిగింది. ఒక్కో రకం నుంచి ఒక్క బడినే తీసుకుంటే మీరు పోల్చింది ఆ రెండు బడులను మాత్రమే.

ప్రశ్నావళి అచ్చులో తప్పులు, విద్యార్థుల అలసట వంటివి కూడా కారణం కావచ్చు గాని, అరుదు. విద్యార్థులు భయపడి మెప్పించే జవాబులు రాయకుండా, పత్రాలను తరగతి ఉపాధ్యాయుడే పేర్లతో సహా వసూలు చేయకుండా మాత్రం చూసుకోండి.