ప్రోస్టేట్ క్యాన్సర్ ఊపిరితిత్తికి పాకితే: కోతకు ముందు, తర్వాత

ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్ ఎక్కువగా బొక్కలకు (ఎముకలకు), లింఫ్ గ్రంథులకు పాకుతుంది. వేరే ఎక్కడా లేకుండా ఊపిరితిత్తుల్లో మాత్రమే కనబడడం అరుదు. కాబట్టి సీటీలో మచ్చ ఉందనగానే ఆపరేషన్‌కు తొందరపడొద్దు. ఏళ్లతరబడి బీడీలు తాగిన మనిషికి అది ఊపిరితిత్తిలోనే పుట్టిన క్యాన్సర్ కావచ్చు, టీబీ కావచ్చు. సూదితో ముక్క తీసి ఐహెచ్‌సీ (క్యాన్సర్ ఏ అవయవానిదో కణాల్లోని ప్రొటీన్లను బట్టి చెప్పే పరీక్ష) చేయించాలి: ప్రోస్టేట్ కణాల గుర్తులైన పీఎస్ఏ, ఎన్‌కేఎక్స్ 3.1 పాజిటివ్ వస్తే ప్రోస్టేట్ నుంచి వచ్చినట్టు, టీటీఎఫ్-1 అనే గుర్తు వస్తే ఊపిరితిత్తిదే అని అనుమానించాలి. టీబీ క్రిమిని పట్టే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకు పంపే ముక్కను ఫార్మలిన్‌లో కాదు, సెలైన్‌లో వేయించండి.

నల్లగొండ వాళ్లకు ఇంకో చిక్కుంది. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల బొక్కలు ఫ్లోరైడ్‌తో ఎక్స్‌రేలో తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. క్యాన్సర్ పాకినా అంతే తెల్లగా కనిపిస్తుంది. బోన్‌స్కాన్ (ఒంట్లోని బొక్కలన్నిటినీ చూసే స్కాన్) చూసి ‘ఒళ్లంతా పాకింది’ అనుకుంటే ఆపరేషన్ దారి అక్కడే మూసుకుపోతుంది. ఏ ఊరు, ఏ నీళ్లు అన్నది డాక్టరుకు ముందే చెప్పండి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు బొక్కల నడుమ పొర సున్నంలా గట్టిపడి ఉంటే ఫ్లోరైడ్ ఉన్నట్టే. అయితే రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు, అందుకే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు ఎక్కడున్నాయో చూపే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ కూడా కావాలి.

అసలు చికిత్స హార్మోన్‌దే, అంటే ఈ క్యాన్సర్‌ను పెంచే మగ హార్మోన్‌ను తగ్గించడం. వృషణాలు తీసే చిన్న ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది, ఇంజెక్షన్ కోసం మూడు నెలలకోసారి హైదరాబాద్ బస్సెక్కే పని తప్పుతుంది. ఊపిరితిత్తి కోత కొద్దిమందికే: మచ్చలు ఒకటో రెండో ఉండాలి, వేరే చోట జబ్బు ఉండొద్దు లేదా అదుపులో ఉండాలి, శ్వాస పరీక్షలో ఊపిరి సరిపోవాలి. బీడీ కనీసం 4 వారాల ముందే మానాలి. రెండు మూడు రంధ్రాల నుంచి కెమెరాతో, స్టేప్లర్‌తో మచ్చను చుట్టూ కొంత మంచి భాగంతో సహా తీస్తారు. లోతుగా ఉన్నదానికి రేడియేషనే మేలు కావచ్చు.

కోత తర్వాత ఛాతీలోని గాలి, నీరు బయటికి రావడానికి పక్కటెముకల మధ్య గొట్టం, కింద నీళ్ల సీసా ఉంటాయి. బాత్రూంకు తీసుకుపోతూ సెలైన్ సీసాలా పైకెత్తి పట్టుకునేవాళ్లున్నారు. అలా చేస్తే నీళ్లు వెనక్కి ఛాతీలోకి పోతాయి. సీసా ఎప్పుడూ ఛాతీకి కిందే ఉండాలి. గొట్టాన్ని మడవొద్దు, మీరై బిగించొద్దు. బుడగలు ఆగకుండా వస్తుంటే గాలి ఇంకా కారుతోందో, గొట్టం అతుకు వదులైందో నర్సును చూడమనండి. ఊపిరి వ్యాయామానికి ఇచ్చే మూడు బంతుల పరికరాన్ని మెలకువగా ఉన్నంతసేపు గంటకు పదిసార్లు పీల్చాలి, ఊదొద్దు. నొప్పికి భయపడి దగ్గు ఆపుకుంటే కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది. ఛాతీకి దిండు అదిమి దగ్గమనండి.

కోత తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలకు పీఎస్ఏ రక్తపరీక్ష, ముందు చేయించిన ల్యాబులోనే చేయించాలి. ప్రోస్టేట్ గ్రంథిని తీయకుండా ఒంట్లోనే ఉంచితే పీఎస్ఏ సున్నాకు రాకపోవచ్చు.