సెలవుల తర్వాత బడి ట్యాబ్‌లో పాఠం తెరుచుకోకపోతే: సమస్య - పరిష్కారం

వేసవి సెలవులు ముగిసి జూన్‌లో బడులు తెరవగానే, బీరువాలోంచి బయటికి తీసిన ట్యాబ్‌లు మా నెల్లూరు జిల్లా ప్రాథమిక పాఠశాలల్లో ఏటా ఇవే ఇబ్బందులు పెడుతుంటాయి. ఛార్జింగు పెట్టడం, వైఫై కలపడం తెలిసిన ఉపాధ్యాయుల కోసం ఇది రాస్తున్నాను.

ట్యాబ్ వెలగడం లేదు

బ్యాటరీ పూర్తిగా అయిపోయిన ట్యాబ్ ఛార్జరు తగిలించిన వెంటనే వెలగదు. అరగంట అలాగే వదిలేసి, అప్పటికీ ఫలితం లేకపోతే కేబుల్ మార్చి చూడాలి. ఛార్జింగు పెట్టే చోట సుద్దపొడి పేరుకుంటే కేబుల్ పూర్తిగా లోపలికి దిగదు. ట్యాబ్ ఆపి, సన్నటి ఎండుపుల్లతో ఆ పొడిని మెల్లగా తీయాలి; పిన్నీసు మాత్రం పెట్టకూడదు.

వైఫై కలిసింది, పాఠం మాత్రం తెరుచుకోవడం లేదు

పైన వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది. అదే హాట్‌స్పాట్‌తో ఫోనులో అన్నీ పనిచేస్తాయి. ట్యాబ్‌లో బడి పాఠాలుండే దీక్ష యాప్ తెరిస్తే ఇంటర్నెట్ లేదంటుంది, బ్రౌజరు తెరిస్తే కనెక్షన్ సురక్షితం కాదని హెచ్చరిస్తుంది. ఇక్కడే అందరూ రూటరును, సిగ్నల్‌ను అనుమానిస్తారు గానీ తేదీని చూసేవారు అరుదు.

చాలా ట్యాబ్‌లలో గడియారానికి విడిగా బ్యాటరీ ఉండదు. ఉన్న ఒక్క బ్యాటరీ బీరువాలో పూర్తిగా ఖాళీ అయితే గడియారం కూడా ఆగిపోయి, మళ్లీ వెలిగించినప్పుడు ఏదో పాత తేదీ నుంచి, కొన్నింటిలో ఏకంగా 1970 జనవరి 1 నుంచి, నడక మొదలుపెడుతుంది. సురక్షితమైన ప్రతి వెబ్‌సైటుకూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందనే ధ్రువపత్రం ఒకటి ఉంటుంది. ట్యాబ్ తన తేదీతో దాన్ని సరిచూసి, ఆ గడువు ఇంకా మొదలే కాలేదనుకుని కనెక్షన్‌ను తిరస్కరిస్తుంది. ఇంటర్నెట్ నిక్షేపంగా ఉన్నా లేదనిపించడానికి కారణం ఇదే.

ఇందులో మనల్ని తప్పుదారి పట్టించే సంగతి ఇంకొకటి ఉంది. తెర పై అంచున గంటలు, నిమిషాలు మాత్రమే కనిపిస్తాయి. ఎవరో ఒకరు గడియారాన్ని పదింబావుకు సరిచేసి ఊరుకుంటారు, సంవత్సరం మాత్రం పాతదే ఉండిపోతుంది. అందుకని సెట్టింగ్స్‌లో తేదీ, సమయం అన్న చోటికి వెళ్లి సంవత్సరాన్ని కళ్లతో చూడాలి. ఆటోమేటిక్ ఆన్‌లో ఉంది కదా అని వదిలేయకూడదు. సిమ్ లేని ట్యాబ్‌కు మొబైల్ నెట్‌వర్క్ నుంచి సమయం అందదు, వైఫై ద్వారా అందడం కూడా అన్నిసార్లూ జరగదు. ముందు ఆటోమేటిక్‌ను ఆపి, టైమ్ జోన్ భారత కాలమానంలో, అంటే +5:30లో, ఉందో లేదో చూసి, తేదీ, సంవత్సరం, సమయం మూడూ చేత్తో సరిచేయాలి. తర్వాత ట్యాబ్‌ను ఒకసారి ఆపి వెలిగిస్తే పాఠం తెరుచుకుంటుంది. అప్పుడు ఆటోమేటిక్‌ను మళ్లీ ఆన్ చేయవచ్చు.

దయచేసి ఈ పని చేయకుండా ఫ్యాక్టరీ రీసెట్ (ట్యాబ్‌లో ఉన్నదంతా చెరిపి కొత్తదానిలా చేయడం) జోలికి వెళ్లకండి. రీసెట్ అయిన ట్యాబ్ పాత గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ అడగవచ్చు. దాన్ని పెట్టిన ఉపాధ్యాయుడు అప్పటికే బదిలీపై వెళ్లిపోయి ఉంటే ట్యాబ్ తాళం పడ్డట్టే. ఉదయగిరి వైపు సిగ్నల్ సరిగా అందని కొండ పల్లెల్లో, మండల కేంద్రానికి తీసుకెళ్లి దించుకొచ్చిన పాఠాలన్నీ కూడా రీసెట్‌తో పోతాయి. పిల్లలకు ఆ నష్టం పెద్దది.

ఏప్రిల్‌లో బీరువాలో పెట్టే ముందు సగం వరకు ఛార్జింగు చేసి, పూర్తిగా స్విచ్ఛాఫ్ చేసి, నడివేసవిలో ఎవరైనా ఒకసారి చూడగలిగితే ఈ బెడద చాలావరకు రాదు.

మిగిలినవి

అన్ని ట్యాబ్‌లూ ఒక్కసారే మందగిస్తే అవి ఒకే హాట్‌స్పాట్ మీద అప్‌డేట్లు దించుకుంటున్నాయేమో చూడండి. ప్లేస్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపి, బడి వదిలాక ఒక్కొక్కటిగా చేసుకోవచ్చు. తాకితే పలకని తెరను పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. లోపలి బోర్డు చెడిపోవడం అరుదు, అది మనం బాగుచేసేది కాదు. బ్యాటరీ ఉబ్బి వెనుక మూత లేస్తే మాత్రం ఛార్జింగు పెట్టకుండా, నొక్కకుండా, పిల్లలకు అందకుండా వేరుగా ఉంచి సర్వీసు సెంటరుకు అప్పగించాలి.