‘ఇయర్-ఓల్డ్’ హైఫన్ తంటాలు: సమస్య - పరిష్కారం

అమలాపురంలో బయోడేటాలు, లోను అర్జీలు టైపు చేయించుకునేవాళ్లు స్పెల్లింగు ఒకటికి రెండుసార్లు చూసుకుంటారు. వయసు చెప్పే ఇంగ్లీషు మాట తర్వాత నౌన్ (నామవాచకం) ఉందా లేదా అన్నది మాత్రం చూడరు. హైఫన్, అంటే మాటల్ని కలిపే చిన్న గీత, పెట్టాలా వద్దా అన్నది దాన్నిబట్టే ఉంటుంది. ముందు అది చూడండి. సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

సమస్య: ‘హి ఈజ్ ఫైవ్-ఇయర్స్-ఓల్డ్’.
కారణం: ఆ మాట తర్వాత నౌన్ లేదు.
పరిష్కారం: గీతలు తీసేయండి, ‘ఇయర్స్’లో ఎస్ ఉంచండి.

సమస్య: ‘ఎ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ బాయ్’.
కారణం: తెలుగులో ‘అయిదేళ్ల బాబు’ అనే అలవాటు.
పరిష్కారం: తర్వాత ‘బాయ్’ ఉంది కాబట్టి ఎస్ తీసి, రెండు గీతలు పెట్టండి: ‘ఫైవ్-ఇయర్-ఓల్డ్ బాయ్’. కాలానికీ ఇదే పద్ధతి. ధవళేశ్వరం పాత ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ‘ఇట్ టుక్ ఫైవ్ ఇయర్స్’ అంటే గీత వద్దు, ‘ఎ ఫైవ్-ఇయర్ ప్రాజెక్ట్’ అంటే కావాలి.

సమస్య: స్పెల్‌చెక్ ఏమీ అనదు, లెక్క మాత్రం మారిపోతుంది.
అసలు ప్రమాదం ఇదేనండి. తోట మీద లోను కోసం ‘ట్వంటీ ఇయర్-ఓల్డ్ కోకోనట్ ట్రీస్’ అని రాశారనుకోండి. ఒక్క గీతే ఉంది, అదీ రెండోచోట. దాని అర్థం ఏడాది వయసున్న మొక్కలు ఇరవై అని! మీ తోటలో ఉన్నవి ఇరవయ్యేళ్ల కాపు చెట్లు. వాటికి ‘ట్వంటీ-ఇయర్-ఓల్డ్’ అని రెండు గీతలూ పడాలి. ‘ట్వంటీ-ఇయర్ ఓల్డ్’ అని మొదటిది పెట్టి రెండోది వదిలేసినా తప్పే. మాటలన్నీ విడివిడిగా సరైనవే కాబట్టి కంప్యూటర్ ఎర్రగీత వేయదు. అంకె దగ్గర మొదలుపెట్టి ‘ఓల్డ్’ దాకా వేలు పెట్టి చూడండి, మధ్యలో ఖాళీ ఉండకూడదు. చెట్లు ఎన్నో కూడా చెప్పాలంటే ఆ అంకె విడిగా ముందు రాయండి: ‘ఫిఫ్టీ ట్వంటీ-ఇయర్-ఓల్డ్ ట్రీస్’.

బడి నోటీసుల్లో ‘ఫైవ్-ఇయర్-ఓల్డ్స్’ చూసి కంగారుపడకండి. అక్కడ ఆ మాటే నౌన్, అంటే అయిదేళ్ల పిల్లలు. గీతలు ఉండాల్సిందే.

రెండు వ్యవధులు కలిస్తే, 120 రోజుల వరీ 150 రోజుల వరీ అన్నట్టు, ‘120- అండ్ 150-డే వెరైటీస్’ అని మొదటి అంకెకూ గీత తగిలించండి. ‘త్రీ వీక్స్ లీవ్’కి కావాల్సింది ఎస్ తర్వాత అపాస్ట్రఫీ (పైన పెట్టే కామాలాంటి గుర్తు), గీత కాదు. హైఫన్ బదులు పొడుగు గీత పడటం ఎప్పుడో గానీ జరగదు, కనిపిస్తే మార్చేయండి.