పియానో స్వయంశిక్షణ – 9వ పాఠం: షోపాన్ ఇ మైనర్ ప్రెల్యూడ్‌లో ఎడమ చేయి

గత పాఠంలో ఇ మైనర్ స్కేలును రెండు చేతులతో సాధన చేశాము. ఆ స్కేలు ఆధారంగా నడిచే ఒక చిన్న రచనను ఈ వారం మొదలుపెడదాము. పోలండ్ స్వరకర్త ఫ్రెడెరిక్ షోపాన్ రాసిన 24 ప్రెల్యూడ్ల (చిన్న పియానో రచనల) సంపుటిలో, అంటే ఓపస్ 28లో (ఓపస్ అంటే రచనకు ఇచ్చే వరుస సంఖ్య), ఇది నాలుగవది. మొత్తం 25 బార్లే (బార్ అంటే తాళపు ఒక ఆవర్తం) ఉంటుంది. కుడి చేతికి పరుగులు దాదాపు లేవు కనుక ఏడాదిపాటు శ్రద్ధగా నేర్చుకున్నవారు కూడా స్వరాలను పట్టుకోగలరు. అయితే స్వరాలు వచ్చినంత మాత్రాన రచన చేతికి వచ్చినట్టు కాదు. దీనిలోని దుఃఖం పై పాటలో ఉందని చాలామంది భావిస్తారు. అది ఎడమ చేతిలో ఉందని నా నమ్మకం. అందుకే ఈ పాఠాన్ని పూర్తిగా ఎడమ చేతికే కేటాయిస్తున్నాను.

ముందుగా రచయిత గురించి కొంత తెలుసుకోవాలి. షోపాన్ 1810లో వార్సా దగ్గరి జెలజోవా వోలా అనే ఊరిలో పుట్టాడు. 1830 నవంబరు మొదట్లో, ఇరవయ్యేళ్ల వయసులో, ఆయన వార్సా విడిచి వియన్నాకు బయలుదేరాడు. ఆ నెలాఖరులోనే రష్యా పాలన మీద వార్సాలో తిరుగుబాటు లేచింది, మరుసటి ఏడాది అణగిపోయింది. పారిస్‌లో స్థిరపడిన షోపాన్ మళ్లీ స్వదేశంలో అడుగుపెట్టలేదు. 1838 చివరలో రచయిత్రి జార్జ్ సాండ్‌తో, ఆమె ఇద్దరు పిల్లలతో కలిసి ఆయన మయోర్కా ద్వీపానికి వెళ్లాడు. అక్కడ వానలు పట్టుకున్నాయి, దగ్గు ముదిరింది. తనను చూసిన ముగ్గురు వైద్యులలో ఒకరు చనిపోయాడన్నారని, ఒకరు చనిపోతున్నాడన్నారని, ఒకరు చనిపోతాడన్నారని ఆయన ఒక మిత్రుడికి ఉత్తరం రాశాడు. క్షయ అని భయపడి ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చేయించగా, వాళ్లు వాల్దెమోసా అనే కొండ ఊరిలోని పాత మఠంలో గదులు తీసుకున్నారు. పారిస్ నుంచి తెప్పించిన ప్లేయెల్ కంపెనీ పియానో సుంకం దగ్గర చిక్కుకుని 1839 జనవరిలో గాని చేతికి రాలేదు. అంతవరకు ఒక నాసిరకం పియానోతో, వెంట తెచ్చుకున్న జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలతో కాలం గడుపుతూ ఆయన ఈ ప్రెల్యూడ్ల పని పూర్తి చేశాడు.

ఆ మఠపు చలినీ ఆ దగ్గునూ తెచ్చి నేరుగా ఈ రచనకు అంటించకండి. అదే సంపుటిలో ఎ మేజర్‌లో ఉన్న ఏడవ ప్రెల్యూడ్ నాట్యపు నడకతో హాయిగా సాగుతుంది. జీవితం రచనకు నేపథ్యం మాత్రమే. బాధ ఎలా పలుకుతున్నదో స్వరాలలోనే వెతకాలి.

కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. ఇ స్వరాన్ని షడ్జమంగా తీసుకోండి. కుడి చేయి మొదటి మూడు బార్లలో పంచమాన్ని చాలాసేపు పట్టి, శుద్ధ ధైవతాన్ని కొద్దిసేపు తాకి, మళ్లీ పంచమానికే వస్తుంది. ప–ధ–ప, అంతే. నాలుగవ బార్ చివర ప్రతి మధ్యమానికీ, అక్కడినుంచి శుద్ధ మధ్యమానికీ దిగుతుంది. పాట దాదాపు కదలదనే చెప్పాలి. కదిలేది దాని కింద ఉన్న నేల.

ఎడమ చేతి మొదటి కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల గుంపు) జి, బి, ఇ, అంటే గ–ప–స. చిటికెన వేలు జి మీద, మధ్య వేలు బి మీద, బొటనవేలు ఇ మీద ఉంచండి. మొదటి బార్‌లో ఈ కార్డ్ ఎనిమిదిసార్లు మోగుతుంది. రెండవ బార్‌లో చిటికెన వేలు ఎఫ్ షార్ప్‌కు, మూడవ బార్‌లో ఎఫ్‌కు, నాలుగవ బార్‌లో ఇకి దిగుతుంది. సాధారణ గాంధారం, చతుశ్రుతి రిషభం, శుద్ధ రిషభం, షడ్జమం: రెండు రిషభాలు ఒకదాని వెనుక ఒకటి రావడం వల్ల మెట్లు దిగుతున్నట్టు కాక, నిలబడిన చోటే నేల కుంగుతున్నట్టు ఉంటుంది. పై రెండు వేళ్లు కూడా ఇలాగే, వేర్వేరు సమయాలలో, కొద్దికొద్దిగా దిగుతుంటాయి.

సాధన ఇలా చేయండి. మొదట కార్డ్‌ను ఎనిమిదిసార్లు కొట్టకుండా, ఒకేసారి నొక్కి పట్టుకోండి. తరువాతి కార్డ్‌కు మారేటప్పుడు ఏ వేలు కదలాలో పైకి చెప్పి, ఆ వేలినే కదిలించండి; మిగిలిన వేళ్లు మీటల మీదే ఉండాలి. ఇలా నాలుగు బార్లు తడబాటు లేకుండా వచ్చాకే ఎనిమిదిసార్లు మోగించడం మొదలుపెట్టండి. అప్పుడు కూడా మీటను పూర్తిగా పైకి రానివ్వకుండా, సగం లేచినప్పుడే మళ్లీ నొక్కితే శబ్దం మెత్తగా వస్తుంది. ఎనిమిదింటినీ సమానంగా కొట్టకండి. రచనకు గుర్తించిన తాళం బార్‌కు రెండు పెద్ద దెబ్బలది కనుక, ఒకటవ, అయిదవ కార్డ్‌ల మీద మాత్రం రవ్వంత బరువు ఉంచండి. ఎడమ చేయి వాద్యబృందాన్ని నడిపించే నాయకుడి వంటిదని, అది చలించకూడదని షోపాన్ చెప్పేవాడని ఆయన శిష్యులు రాసిపెట్టారు.

పెడల్ జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. నేను నేర్చుకునే రోజుల్లో బార్ అంతా పెడల్ తొక్కి ఉంచేవాడిని. గది నిండా శబ్దం ఉండేది గాని, దిగిన స్వరం దిగకముందున్న స్వరంతో కలిసిపోయి ఏది మారిందో వినిపించేది కాదు. మా గురువుగారు వారం రోజులు నా కుడి పాదాన్ని కుర్చీ కిందే పెట్టించారు. ఎఫ్ షార్ప్ ఎఫ్‌గా మారడం నా చెవికి మొదటిసారి తెలిసింది ఆ వారంలోనే.

షోపాన్ 1849 అక్టోబరు 17న పారిస్‌లో మరణించాడు. అక్టోబరు 30న మాడలీన్ చర్చిలో జరిగిన అంత్యక్రియలలో ఈ ప్రెల్యూడ్‌ను ఆర్గన్ మీద వాయించారు. ఆర్గన్ మీటను మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దపు స్థాయి మారదు. వేలి ఒత్తిడితో భావం పలికించే వీలు లేని ఆ వాద్యం మీద, కార్డ్‌లోని స్వరాలు ఒక్కొక్కటిగా దిగిపోవడమే అక్కడివారికి వినిపించి ఉంటుంది.

వచ్చే పాఠానికి 1 నుంచి 12 వరకు బార్లను ఎడమ చేతితో మాత్రమే సిద్ధం చేసుకోండి. అది వాయిస్తూ పై పాటను ప–ధ–ప అని మొదలుపెట్టి గొంతుతో పాడండి. 16వ బార్ దగ్గర ‘స్ట్రెట్టో’, అంటే వేగం పెంచమనే సూచన, దానితోపాటు ఒక్కసారిగా పెరిగే శబ్దం కనిపిస్తాయి. వాటి పని 10వ పాఠంలో చూద్దాము.