పన్నెండు మైళ్లు దాటి వేటకు వెళ్లాలంటే: యాక్సెస్ పాస్ దరఖాస్తు విధానం

శ్రీలంక నీళ్లలో వేటకు పర్మిట్ తెస్తామని ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి. పరాయి దేశపు నీళ్లలో వేట హక్కు రెండు ప్రభుత్వాలు రాసుకునే ఒప్పందంతోనే వస్తుంది. తాను పట్టగా మిగిలిన చేపను తీరదేశం ఒప్పందంతో ఇతర దేశాలకు ఇవ్వాలని 1982 నాటి ఐరాస సముద్ర చట్టం, 62వ అధికరణం చెబుతోంది. శ్రీలంకతో మనకున్నది అలాంటి ఒప్పందం కాదు. ఒకరి నీళ్లలో మరొకరు వేటాడకూడదనే 1976లో రాసుకున్నారు.

కాకినాడ, అంతర్వేది బోట్ల వాళ్లకు కావలసింది మన నీళ్లకే పాస్. 12 నాటికల్ మైళ్ల వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, రాష్ట్రం లైసెన్సు. అక్కడి నుంచి 200 మైళ్ల దాకా కేంద్రం 2025 నవంబరు 4న తెచ్చిన నిబంధనలు వర్తిస్తాయి. మెకనైజ్డ్ బోట్లకు, పెద్ద మోటారు బోట్లకు యాక్సెస్ పాస్, అంటే ఆ నీళ్లలో వేటకు అనుమతి, తప్పనిసరి. చిన్న ఫైబర్ బోట్లు, నాటు పడవలకు అక్కర్లేదు.

దరఖాస్తు రియల్‌క్రాఫ్ట్ (బోట్ల రిజిస్ట్రేషన్, లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైట్) పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. పాస్‌కు రుసుము లేదు. చిక్కులు వచ్చేది కాగితాల దగ్గరే. రిజిస్ట్రేషన్‌లో సత్తిబాబు, ఆధార్‌లో సత్యనారాయణ అని ఉంటే ముందు పేరు సరిచేయించుకోండి. బోటు కొని పాత యజమాని పేరుతోనే నడుపుతున్నా, ఇంజిన్ మార్చి కొత్త నంబరు ఎక్కించకపోయినా అంతే: ముందు రిజిస్ట్రేషన్, ఆ తర్వాతే పాస్. ఐఎన్‌డీ-ఏపీతో మొదలయ్యే నంబరు బోటు మీద చెరిగిపోతే మళ్లీ రాయించండి. కలాసీలందరి దగ్గరా క్యూఆర్ కోడ్ ఉన్న ఆధార్ లేదా మత్స్యకార కార్డు ఉండాలి. తెలియకపోతే సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి అడగండి.

పాస్ ఉన్నా ఎల్‌ఈడీ దీపాల వేట, జంట బోట్ల ట్రాలింగ్ (రెండు బోట్లు కలిసి ఒకే వలను లాగడం) నిషిద్ధం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట విరామమూ మామూలే.

200 మైళ్లు దాటితే అంతర్జాతీయ జలాలు. అక్కడ ట్యూనా వేటకు కేంద్ర మత్స్యశాఖ అనుమతి పత్రం విడిగా తీసుకోవాలి. హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్‌లో మన దేశం సభ్యురాలు కాబట్టి ఆ కమిషన్ నియమాలూ వర్తిస్తాయి.

బోటు ఎక్కడుందో ఒడ్డుకు తెలిపే పరికరం ట్రాన్స్‌పాండర్‌ను మాత్రం ఎప్పుడూ ఆపకండి. సరిహద్దు దగ్గరపడితే హెచ్చరించేది అదే. ఇంజిన్ ఆగి బోటు కొట్టుకుపోతుంటే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో సాయం కోసం పిలవండి. ఒడ్డునున్న ఇంటివాళ్లు కోస్ట్‌గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేయాలి. బయల్దేరే ముందే ఆ నంబరు ఇంట్లో చెప్పి వెళ్లండి.